నా స్కీలు, నా మోకాలు

విశాఖపట్నంలో మంచు పడదు. ఈ సంగతి నాకు తెలియదేమోనని అందరూ నాకు చెబుతూ ఉంటారు. స్కూల్లో స్టాఫ్ రూమ్‌లో చెబుతారు, మా వీధిలో చెబుతారు. ద్వారకా నగర్‌లో ఆట సామాన్ల షాపుకి వెళ్లి మోకాలికి బిగించుకునే పట్టీ అడిగితే, ఎందుకో కనుక్కుని ఆ షాపాయన కూడా చెప్పాడు. “మనకి మంచెక్కడుందండీ మేడమ్?” అన్నాడు జాలిగా. “మనకి లేదు. ఉన్నచోటికి నేనే వెళ్తాను. పట్టీ చూపించండి” అన్నాను.

నేను గేమ్స్ టీచర్ని. గ్రౌండు ఈ చివర నిలబడి అరిస్తే ఆ చివర ఉన్నవాళ్లు కూడా వరసలో నిలబడతారు. మైకు పట్టుకోవడం నాకు నామోషీ. అందుకని నా గొంతు చూసి నన్ను మొండిదాన్నని అనుకుంటారు. అందులో తప్పేమీ లేదు, మొండిదాన్నే.

ఒకసారి టీచర్లమంతా కలిసి హిమాలయాల్లో ట్రెక్కింగుకి వెళ్లాం. అక్కడ ఔలిలో స్కీయింగ్ నేర్పుతుంటే, సరదాకి మంచు మీద జారే ఆ పొడవాటి స్కీ చెక్కల్ని కాళ్లకి తగిలించుకున్నాను. మొదటి రోజంతా పడ్డాను. మిగతా టీచర్లు ఫొటోలు దిగి గదులకి వెళ్లిపోయారు. నేను మాత్రం మర్నాడు మళ్లీ వెళ్లి, పడకుండా నాలుగు మలుపులు తిరిగి, ఇంక ఆ వాలుని వదిలిపెట్టలేదు. అప్పట్నించి ప్రతి శీతాకాలం సెలవు పెట్టుకుని వెళ్తూనే ఉన్నాను. నా పట్టుదల చూసి అక్కడి ఇన్‌స్ట్రక్టర్ తను వాడిన మంచి స్కీల జత ఒకటి నాకు అమ్మాడు. మధ్యలో సన్నగా, గట్టిగా, అంచుల వెంట ఉక్కు బద్దలతో ఉంటాయవి. కాస్త ఏమరుపాటుగా ఉంటే మనల్నే తీసుకుపోతాయి. నాకు తగ్గ స్కీలని నాకు గర్వం.

మా బావకి మాత్రం అవంటే గిట్టదు. బావ అంటే నా మొగుడే. మేనత్త కొడుకునే చేసుకున్నాను కాబట్టి పెళ్లికి ముందూ బావే, తర్వాతా బావే. అతనికి ఆటోనగర్‌లో చిన్న వర్క్‌షాపుంది, పంపుల షాఫ్టులు బాగు చేస్తాడు. మాట తక్కువ. నాలుగు మాటలు నేనంటే ఒక్కటి అతనంటాడు. ఆ ఒక్కటీ చాలా రోజులు అదే: “ఆ మంచు మీద జారడం ఎందుకే, ఒక్కరోజు కాలిరిగిపోద్ది.”

కాలు నిజంగానే పాడైంది. కానీ మంచు మీద కాదు. రెండేళ్ల కిందట స్కూల్లో పిల్లలకి ఖోఖో చూపిస్తూ గిర్రున తిరిగాను, కుడి మోకాలు నాతోపాటు తిరగలేదు. లోపల నరం తెగిందన్నారు, ఆపరేషన్ చేశారు. ఆ తర్వాతి సంగతి చెప్పాలంటే మా బావ గురించే చెప్పాలి. రోజూ తెల్లారగట్ల వర్క్‌షాపుకి వెళ్లేముందు నా పక్కన కూర్చుని ఆ కాలుని మెల్లగా వంచి, మెల్లగా చాపేవాడు. నేను నొప్పికి కేకలు వేసి, తిట్టి, దిండు విసిరేదాన్ని. అతను దిండు తీసి పక్కన పెట్టి మళ్లీ వంచేవాడు. కాస్త నడక వచ్చాక బీచ్‌కి తీసుకెళ్లి ఇసకలో నడిపించాడు. చేపల పడవలు తోసేవాళ్లు అతన్ని చూసి, “ఏటి బావా, అక్కకి నడక నేర్పతన్నావా?” అని వేళాకోళమాడితే నవ్వి ఊరుకునేవాడు. ఆ మోకాలు ఎంత వంగుతుందో, ఏ పూట వాస్తుందో నాకంటే అతనికే బాగా తెలుసు.

డాక్టరు మెల్లగా ఆటలాడొచ్చు అనగానే నేను ఔలి మాట ఎత్తాను. ఇంట్లో పెద్ద యుద్ధమే జరిగింది. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. నా సొంత స్కీల మీద, పెద్ద వాలు పైనించి కింది దాకా ఆగకుండా దిగగలిగితే ఇక ముందూ వెళ్తాను. దిగలేకపోతే స్కీలు అక్కడే ఇన్‌స్ట్రక్టర్‌కి ఇచ్చేసి వస్తాను, మళ్లీ జన్మలో ఆ ఊసెత్తను. తాడో పేడో అక్కడే తేలిపోవాలి. బావ ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, “నానూ వత్తాను” అన్నాడు. పాతికేళ్ల కాపురంలో అతను ఆటోనగర్ వదిలి అంత దూరం రావడం అదే మొదలు.

బయల్దేరేటప్పుడు అటక మీంచి స్కీలు దించింది అతనే. గోనెపట్టా చుట్టి, తాళ్లతో కట్టి, భద్రంగా ఉన్నాయి. రెండు వర్షాకాలాలు వాటిని చూసుకున్నది కూడా అతనే, నాకు అటక ఎక్కే కాలు లేదుగా. మా ఊళ్లో సముద్రపు గాలికి ఇనుము నిలవదు. గేటు గొళ్లెం, కిటికీ ఊచ, సైకిలు చైను, దేన్ని వదిలేసినా తుప్పు తినేస్తుంది. వానలు మొదలయ్యేలోపు ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు గుడ్డపీలిక పట్టుకుని తిరుగుతుంటారు. మా ఇంట్లో అది బావ.

ఔలిలో దిగి చూస్తే మంచు బాగా పడి ఉంది. బావ గదిలోంచి బయటికొచ్చి, కాసేపు చూసి, “ఇంత తెలుపేటే” అన్నాడు. కళ్లు చిట్లించుకుని మళ్లీ లోపలికి పోయి, ఉన్న స్వెటర్లన్నీ వేసుకొచ్చాడు.

ఇన్‌స్ట్రక్టర్ నన్ను చూసి సంతోషించాడు. మోకాలి సంగతి విని, ఎకాఎకిన నా స్కీలు ఎక్కొద్దన్నాడు. “ముందు అద్దె స్కీలు రెండు మూడు రకాలు తీసుకుని చూడండి దీదీ. ఒక్కొక్కటీ కాలికేం చెబుతుందో వినండి. తర్వాత మీవి” అన్నాడు హిందీలో. అతనికి కొత్త బ్యాచ్ ఉంది, అటు వెళ్లిపోయాడు. నేను అతని మాట వినదలచుకున్నాను. ఎప్పుడో గానీ నేను ఎవరి మాటా వినను.

మొదట పొట్టివి, మెత్తవి తీసుకున్నాను. కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఇచ్చేవి. చిన్న వాలు మీద అవి ఎటు తిప్పితే అటు తిరిగాయి, ఎక్కడ ఆగమంటే అక్కడ ఆగాయి. క్లాసులో మొదటి బెంచీ పిల్లల్లాంటివి, ఎదురు చెప్పవు. కానీ వేగం పెంచగానే కింద గజగజ వణికాయి. మోకాలు మాత్రం మాట్లాడలేదు. బావ కింద నిలబడి చెయ్యి ఊపాడు.

తర్వాత వెడల్పువి. కొత్తగా పడిన మంచు మీద తేలడానికి చేసినవి. లోతు మంచులో బాగానే తేలాయి, కానీ గట్టిపడిన చోట ఒక పక్క నుంచి ఇంకో పక్కకి ఒరగాలంటే గోడ ఎక్కి దిగినంత పని. మలుపు కావాలని ఇప్పుడు అడిగితే కాసేపటికి ఇస్తాయి. మంచివే, నాకు మాత్రం కావు. వీటితోనూ మోకాలు నొప్పి పెట్టలేదు. నాకు ధైర్యం పొంగుకొచ్చింది. మధ్యాహ్నం వేడి నూడిల్స్ తింటూ బావతో, “సూసేవా? రేపు పెద్ద వాలు” అన్నాను. అతను నూడిల్స్ వంక చూస్తూ, “సూద్దాం” అన్నాడు.

మర్నాడు నా స్కీలు తగిలించుకున్నాను. చేతులకి లావుపాటి గ్లోవ్స్, మనసు నిండా తొందర. గోనెపట్టా విప్పి, మంచు మీద పెట్టి, బూట్లు టక్కున బిగించాను. ఆ చప్పుడు విని రెండేళ్లయింది. పెద్ద వాలు పైకి తీసుకెళ్లే తీగ మీది కుర్చీ, చెయిర్ లిఫ్ట్, ఎక్కకముందు చిన్న వాలు మీద ఒక్కసారి చూసుకుందామనుకున్నాను.

అవి కదల్లేదు. కదిలీ కదలనట్టు కాస్త వెళ్లి, పట్టుకుని ఆగాయి. నేను ముందుకి తూలాను. మళ్లీ తోశాను. ఎడమ కాలు కాస్త జారింది, కుడి కాలు వెనక ఉండిపోయింది. మలుపు తిప్పబోతే కుడి కాలే రానంది. నిన్న పొట్టి స్కీల మీద గాలిలా తిరిగిన కాళ్లు ఇవాళ బురదలో ఈడుస్తున్నట్టుంది. మూడోసారి మోకాలు ఎలా మెలితిరిగిందో, లోపల చురుక్కుమంది. కూలబడ్డాను.

నాకు సంగతి అర్థమైపోయిందనుకున్నాను. మెత్తటివాటితో ఎవరైనా తిరుగుతారు. గట్టివాటిని తిప్పడానికి బలమున్న కాలు కావాలి. ఆ బలం నాకు లేదు. పోలిక అంత స్పష్టంగా ఉంటే ఇంక అనుమానమెందుకు? ఇంకెవరి దగ్గరా ఓడిపోయినట్టు ఒప్పుకోనిదాన్ని, నా కాలి దగ్గర ఓడిపోయాను.

బావ మంచులో పడుతూ లేస్తూ నా దగ్గరికొచ్చాడు. నేను ఏడుస్తున్నాను. అతని ముందు దిండ్లు విసిరాను గానీ, ఇలా ఏడవలేదు.

“దిక్కుమాలిన మోకాలు బావా ఇది,” అన్నాను దాన్ని పిడికిలితో గుద్దుతూ. “నీ సేత ఇన్నాళ్లు సేవలు సేయించుకుని, ఆఖరికి ముష్టి మోకాలైపోయింది. నాను మానేత్తాను. నువ్వే గెలిసేవ్. ఇయ్యి ఆయనకిచ్చెయ్.”

అతను నా చెయ్యి పట్టుకుని గుద్దకుండా ఆపాడు. వంగి, నా బూట్లు విడిపించి, స్కీలు రెండూ తీసి భుజాన పెట్టుకోబోయాడు. అడుగున మంచు ఉండలు ఉండలుగా అంటుకుని ఉంది. దులిపాడు, రాలలేదు. గ్లోవ్ తీసేసి వేళ్లతో గోకాడు. తర్వాత ఆ వేళ్లని దగ్గరగా పెట్టుకుని చూశాడు. వాసన చూశాడు.

రెండో స్కీ అడుగు కూడా గోకి చూశాడు. నేను ముక్కు తుడుచుకుంటూ అతన్ని చూస్తున్నాను. చలికి ఎర్రబడిన మొహం ఇంకా ఎర్రబడింది.

“తప్పు నీ మోకాలిది కాదే,” అన్నాడు చివరికి. “నాది. గ్రీజు.”

“ఏటి గ్రీజు?”

“వానలకి తుప్పు పట్టేత్తాదని అంచులకి రాసేను. పనిలో పనిగా కిందంతా కూడా పట్టించేను. మంచిదే గదా అనుకున్నాను. బేరింగులకి రాసే గ్రీజది. ఈ సలికి జిగురైపోయింది.”

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ వాలు మీద ఉన్నవాళ్లందరికీ, తెలుగు రానివాళ్లకి కూడా, నేను అతన్నేమన్నానో అర్థమై ఉంటుంది. ఇంజిన్లకి రాసేది మంచుకి రాస్తావా, గేటు గొళ్లెమనుకున్నావా నా స్కీలని, అన్నాను. అతను తల వంచుకుని విన్నాడు. అరిచి అరిచి అలిసిపోయాక నాకే నవ్వొచ్చింది. అంచుల మీద తుప్పు చుక్క కూడా లేదు మరి.

ఇన్‌స్ట్రక్టర్ నమ్మలేక రెండుసార్లు అడిగాడు. తర్వాత తన షెడ్డులోకి తీసుకెళ్లి కిరసనాయిలు లాంటిదేదో ఇచ్చి తుడవమన్నాడు. తుడిచింది బావే. ఇంకెవర్నీ ముట్టుకోనివ్వలేదు. అద్దంలా తుడిచాక, ఇస్త్రీపెట్టెతో మైనం కరిగించి అడుగున ఎలా పట్టించాలో ఇన్‌స్ట్రక్టర్ చూపించాడు. అడుగుకి మైనమే తప్ప ఇంకేదీ తగలకూడదని చెబితే, బడికెళ్లే పిల్లాడిలా తలూపాడు. ఎక్కువైన మైనాన్ని చెక్కతో గీసి తీసేటప్పుడు అతని మొహంలో మొదటిసారి ఆ వస్తువంటే ఇష్టం చూశాను.

ఒక రోజు మోకాలికి విశ్రాంతి ఇచ్చి, ఆ మర్నాడు పొద్దున చెయిర్ లిఫ్ట్ ఎక్కి పైకి వెళ్లాను. పైనించి చూస్తే బావ కింద స్వెటర్ల మూటలా కనిపించాడు. భయం వేయలేదని చెప్పను. కానీ మొదటి మలుపుకే స్కీలు అంచు మీద ఒరిగి మంచుని కోసుకుంటూ వెళ్లాయి. పొట్టివాటిలా వణకలేదు, వెడల్పువాటిలా బద్ధకించలేదు. నేను అడగబోతుండగానే తిరిగాయి. మూడో మలుపు దాటాక మోకాలి సంగతి మరిచిపోయాను. ఆగకుండా దిగి, బావ కాళ్ల మీద మంచు చిమ్మేలా తిప్పి ఆపాను.

“సూసేవా?” అన్నాను రొప్పుతూ.

“సూసేను.”

సంబరం కాస్త తగ్గాక నాకొకటి తట్టింది. నిన్నా మొన్నా తిట్టే హడావిడిలో తట్టలేదు. అతనికి కావలసింది నేను మానెయ్యడం. నేను మానేస్తానని నా నోటితోనే చెప్పాను, స్కీలు అతని చేతికే ఇచ్చాను. వేళ్లు తుడుచుకుని భుజాన వేసుకుని వెళ్లిపోతే సరిపోయేది. ఆ గ్రీజు సంగతి భూమ్మీద ఎవరికీ తెలిసేది కాదు.

“బావా, నువ్వు నోరు మూసుకుంటే నీ కోరిక తీరిపోను గదా. ఎందుకు సెప్పేవ్?”

అతను వంగి, ప్యాంటు మీదనుంచే నా కుడి మోకాలి చుట్టూ వేళ్లతో నొక్కి చూస్తున్నాడు, వాచిందేమోనని. రోజూ తెల్లారగట్ల చూసినట్టే. తలెత్తకుండా అన్నాడు:

“ఊరికినే దాన్ని తిట్టి, కొడతన్నావ్. అదేటి తప్పు సేసింది, పాపం.”

అతని టోపీ చెవుల మీదికి లాగి సరిచేశాను. తర్వాత స్కీలు విప్పి, రెండూ ఇంటికి తీసుకెళ్లమని అతని భుజానికే ఎత్తాను.