నీలికోక పాటకు నేను చెప్పిన అర్థం

పోయిన నెల చిలకలూరిపేటలో నాతో పనిచేసిన ఒకావిడ ఇంట గృహప్రవేశానికి వెళ్ళాను. అక్కడ పెట్టించిన భజనలో ఒక పాట వినిపించేసరికి నా చేతిలోని పులిహోర ముద్ద చేతిలోనే ఉండిపోయింది. పాడినాయన మైకులో అర్థం కూడా చెప్పాడు: కల్లం అంటే ఈ లోకమట, అందులో ఎండే కాయలు మనం చేసుకున్న కర్మలట, గట్టు దాటిపోయిన నీలికోక దేహాన్ని వదిలిపోయిన జీవుడట. పక్కనున్నావిడ కళ్ళు మూసుకుని, "ఎంత వేదాంతమండీ, పూర్వంవాళ్ళు ఊరికే రాశారా!" అంది. పూర్వంవాళ్ళు కాదు, నా మొహం! ఆ వేదాంతమంతా నలభై ఏళ్ళ కిందట ఒక ఆసామి అరుగు మీద నిలబడి, చెమటలు కక్కుతూ అప్పటికప్పుడు నేను అల్లి చెప్పిందే.

అప్పుడు నాకు తెలుగు టీచరుగా కొత్త ఉద్యోగం, పేటకు దగ్గరలో ఒక ఊళ్ళో. మన తరంవాళ్ళకు చెప్పక్కర్లేదు, మాఘమాసం వచ్చిందంటే ఎటు చూసినా కల్లాల్లో ఎర్రగా ఆరబోసిన మిరపకాయలే, ఊళ్ళో అడుగుపెడితే తుమ్ములే. కోతలకు పడమటి ఊళ్ళ నుంచి ఆడకూలీల ముఠాలు వచ్చేవి. వాళ్ళలో నడివయసు మనిషి ఒకామె సొంతంగా పాటలు కట్టి పాడేది. వాళ్ళు కోసే చేను బడి గోడ పక్కనే కావడంతో నా పాఠం కంటే ఆమె పాటే పిల్లలకు బాగా వినబడేది, నాకు ఒళ్ళు మండేది కూడాను. ఆ ఏడు ఆమె కట్టిన పాట ఇది:

కల్లంలో కాయలెండె, కాపలా ఎవరమ్మా
గట్టు దాటి పోయినావు, గడప ఎవరిదమ్మా
నీలికోక జాడ చూసి నిలిచిపోతినమ్మా
పిలిచినా పలకవేమి, ఎవరిదానవమ్మా

ఇందులో ఎవరి పేరూ లేదు, ఊరికి అదే చాలు. ఆ చేను ఆసామిగారి చిన్నకోడలు కాపురానికొచ్చి ఏడాది కాలేదు, పగలంతా కల్లం దగ్గర కాపలా కూర్చునేది, ఆ పిల్లకొక నీలం చీర ఉంది. ఇంకేం కావాలి! ఆ పిల్ల గట్టు దాటి వెళ్ళి తొక్కిన గడప ఎవరిదన్న దాని మీద టీకొట్టు దగ్గర రెండు పార్టీలు లేచాయి, ఒకరు పొగాకు ఆరబెట్టే బ్యారన్ అంటే ఇంకొకరు మోటారు షెడ్డు అన్నారు. కాపలా ఎవరనడం మొగుణ్ణి దెప్పడమేనని మా హెడ్మాస్టరు తేల్చేశారు. సిగ్గుపడుతూనే ఒప్పుకుంటున్నాను, స్టాఫ్‌రూములో నేనూ ఆ చర్చలో దూరి, నీలికోక అనడంలో ఏదో ధ్వని ఉందని పాండిత్యం ఒలకబోసి అందరితో కలిసి నవ్వాను.

ఓ ఆదివారం పొద్దున్నే ఆసామిగారి నుంచి కబురొచ్చింది. వెళ్ళేసరికి అరుగు నిండా జనం. వాకిట్లో పాట కట్టిన మనిషి తల వంచుకుని నిలబడి ఉంది. కోడలి ట్రంకుపెట్టె అప్పటికే వసారాలోకి వచ్చేసింది, వీధిలో బండి కట్టి సిద్ధంగా ఉంది.

"ఏమే, మా కోడల్ని చూసే కట్టావా? నోరు పెగలదేం? నిప్పు లేందే పొగొస్తుందా?" అని అత్తగారు కేకలేస్తోంది. ఆమె ఎంతసేపటికీ, "ఊరికే కట్టుకున్న పాటండీ" అన్న మాట తప్ప ఇంకోటి అనడం లేదు.

ఆసామిగారు నా వైపు తిరిగారు. "టీచరుగారూ, మీరు తెలుగు చదువుకున్నోళ్ళు. దీని అర్థమేందో మీరు చెప్పండి. మీరెట్లా చెబితే అట్లాగే."

దస్తావేజు చదివించుకోడానికి కరణాన్ని పిలిచినట్టు నన్ను పిలిచారు. పాట కట్టిన మనిషి ఎదురుగా ఉండగా ఆ మాట నన్నడగడం ఎవరికీ వింతగా తోచలేదు, నాకూ తోచలేదు. తెలియదన్నానా, పెట్టె బండెక్కుతుంది. తలుపు సందున, రెక్కను గట్టిగా పట్టుకున్న ఆ పిల్ల వేళ్ళు కనిపించాయి. "ఇది తత్వమండీ," అన్నాను, ఆ తర్వాత కల్లం, కర్మ, దేహం, జీవుడు అంటూ నోటికొచ్చిందల్లా చెప్పుకుపోయాను.

అంతసేపూ నేల చూపులు చూస్తున్న ఆ పిల్ల మొగుడు అప్పుడు తలెత్తి, "మరి నీలికోకే ఎందుకండీ?" అన్నాడు. "ఆకాశం నీలమే కదండీ, జీవుడు కలిసేది అందులోనే," అన్నాను. ఆసామిగారు రెండు చేతులూ జోడించారు. అత్తగారు, "ఇంత జ్ఞానం కడుపులో పెట్టుకుని చెప్పవేమే!" అని ఆమెనే మందలించింది. పెట్టె లోపలికి వెళ్ళింది.

ఆ సాయంత్రం పాట కట్టినామె నా గది గుమ్మంలో వచ్చి కూర్చుంది. అభినందిస్తుందేమో అనుకున్నాను, చెప్పొద్దూ! ఆమె పెద్దకూతురు రెండేళ్ళ కిందట కల్లం కాపలా వదిలేసి ఎవరితోనో వెళ్ళిపోయిందట. నిరుడు పేట బస్టాండులో నీలికోక కట్టుకుని కనిపిస్తే, తల్లి ఆ పిల్లను పేరు పెట్టి పిలిచిందట. కూతురు తిరిగి చూసి, మాట్లాడకుండా బస్సెక్కేసిందట.

"అంతమందిలో నా కూతురు లేచిపోయిందని ఎట్లా చెప్పనమ్మా? దాన్ని కూడా వీళ్ళ నోళ్ళలో వెయ్యమంటారా?" అంది. మళ్ళీ తనే, "ఆ పిల్ల కాపురం నిలబెట్టారు, మీ కడుపు చల్లగుండ. కానీ నా బిడ్డ బతికే ఉందమ్మా. మీరు దాన్ని చంపేశారు," అంది. ఎవరికీ చెప్పనని మాటిచ్చాను.

ఊరి భజనవాళ్ళు అడిగితే ఆమె వాళ్ళకు ఆ పాట నేర్పింది గానీ, చేలో మాత్రం మళ్ళీ పాడలేదు. పై ఏడు ఆ ముఠాలో ఆమె రానేలేదు. ఇప్పుడు కోతలకొచ్చే వాళ్ళు ఫోన్లలో పాటలు పెట్టుకుంటున్నారు, వాటి కోసం ఎవరి పెట్టే వసారాలోకి రావడం లేదు, అది మంచిదే. అయినా పక్క చేలో పాడుతున్న మనిషికి ఏం కష్టమొచ్చిందోనని చెవి ఒగ్గే పని కూడా లేకుండా పోయింది. అప్పుడు మాత్రం నేను ఒగ్గానా?

ఆమెకిచ్చిన మాట ఈ రోజు తప్పుతున్నాను, ఆ కూతురు ఎక్కడైనా ఉండి ఇది చదివితే చదవనీ. పోయిన నెల ఆ భజనలో చివరి పాదం అందరూ అందుకున్నారు. పక్కావిడ మోచేత్తో పొడిచి నన్నూ పాడమంది. పాడాను. వాళ్ళంతా జీవుణ్ణి సాగనంపుతుంటే, నేనొక్కదాన్నే బస్సెక్కిన ఆ పిల్లను పిలిచాను.