తెల్ల డబ్బాలో బూట్లు

మొన్న ఆదివారం రాజమండ్రిలో మా అమ్మాయి ఇంటికి వెళ్ళేసరికి, మా అల్లుడుగారు హాల్లో పాత పేపరు పరుచుకుని కూర్చుని, చంటిపిల్లకి పళ్ళు తోముతున్నంత జాగ్రత్తగా చిన్న బ్రష్షుతో ఒక బూటు తోముతున్నారు. గోడవారగా అద్దాల బీరువా, అందులో వరసగా బూట్లు, వాటి మీద లైటు కూడాను. మన కాలంలో అద్దాల బీరువా అంటే వెండి గ్లాసులూ, పిల్లలకి బడిలో వచ్చిన కప్పులూ పెట్టుకునేవాళ్ళం. చెప్పులు గడప అవతలే విడిచి కాళ్ళు కడుక్కుని గానీ లోపలికి వచ్చేవాళ్ళం కాదు. ఇప్పుడు నేను చెప్పులు బయట విడిచి వస్తే నాకంటే ముందే బూట్లు లోపల దర్జాగా కూర్చుని ఉన్నాయి. వేసుకోవడానికి కాదట, దాచుకోవడానికట. "ఊరికే దాచిపెట్టేసినా పాడైపోతాయి మావయ్యగారూ, వాడకపోతే అడుగు పొడైపోద్ది" అని ఆయన నాకు బోధ చేశారు. ఆ సంగతి నాకు చెప్పాలా! పక్కన మూత తీసి పెట్టిన గమ్ము వాసన ముక్కుకి తగిలాక ఆయన చెప్పేదేదీ నా చెవికెక్కలేదు.

మాది కోనసీమలో కాలవ గట్టు పక్క ఊరు. నాకక్కడ సైకిలు షాపు ఉండేది. అద్దె సైకిలు కోసం బడి వదలగానే పరిగెత్తుకొచ్చిన రోజులు నా ఈడు వాళ్ళకి గుర్తుండే ఉంటాయి. తరవాత ఇంటింటికీ మోపెడ్లు వచ్చాయి, సైకిళ్ళు మూలపడ్డాయి, సైకిళ్ళతో పాటు నేనూ మూలపడ్డాను. తొంభైల మధ్యలో, మా అమ్మాయి ఇంకా హైస్కూల్లో ఉండగానే, మా వైపు చాలామంది ఆడవాళ్ళు వెళ్ళినట్టే మా ఆవిడా ఇంటిపనికి కువైట్ వెళ్ళింది. బయలుదేరే రోజున ఊరగాయ జాడీలు ఏవి ఎక్కడున్నాయో నాకు చూపిస్తూనే ఉంది, నేను తలాడిస్తూనే ఉన్నాను. ఏడవడానికి ఇద్దరికీ తీరిక దొరకలేదు, ఆ తరవాత కూడా ఎందుకో దొరకలేదు.

ఆవిడ పనిచేసే ఇంట్లో మగపిల్లలు ముగ్గురు. కొత్త రకం బూట్లు బజార్లోకి రాగానే పాతవి పారేసేవారట. చెత్తలో పడెయ్యడం చూడలేక, ఆ ఇంటి మేడమ్‌ని అడిగి, దుప్పట్ల మధ్యా పాలపొడి డబ్బాల మధ్యా కుక్కి అట్టపెట్టెల్లో ఓడ మీద పంపించేది. పెట్టె విప్పితే అత్తరు వాసనా, చెమట వాసనా కలిసి వచ్చేవి. నేను పెరట్లో నుయ్యి పక్కన కూర్చుని, నాడాలు విప్పి కుంకుడు రసంలో నానబెట్టి, కుట్ల సందుల్లో ఇరుక్కున్న ఇసుకని సైకిలు పుల్లతో గుచ్చి గుచ్చి తీసేవాణ్ణి. మన గోదావరి ఇసుక కాదది, పిండిలా మెత్తగా ఉండేది. తెల్లటి అంచులకి పళ్ళపొడి పట్టించి తోమేవాణ్ణి, ఊడిన అడుగుల్ని గరుకు కాగితంతో రుద్ది పంచర్ల సొల్యూషన్ పూసేవాణ్ణి. అది ఆరేదాకా పచ్చడి బండ కింద పెట్టి, నేను పక్కన కూర్చునేవాణ్ణి. మా బావమరిది, అంటే మా ఆవిడ తమ్ముడు, వాటిని అమలాపురం తీసుకెళ్ళి కాలేజీ కుర్రాళ్ళకి అమ్మేవాడు. ఒరిజినల్ సరుకని వాళ్ళు ఎగబడేవారట. వచ్చినప్పుడల్లా నన్ను ఆటపట్టించకుండా వెళ్ళేవాడు కాదు. "ఏంటి బావా, పంచర్లు మానేసి బూట్లకి దిగావా? ఇంకా నయం, గుర్రాలకి నాడాలు కొట్టటం లేదు" అనేవాడు. ఊళ్ళో వాళ్ళు మొహం మీద నవ్వకపోయినా, ఒకరి కాలి బూటు ఒళ్ళో పెట్టుకుని తోముతానని వెనకాల ఏవేవో అనుకునేవారని తెలుసు, అందుకే పెరటి తలుపు వేసుకునేవాణ్ణి. నాకు సిగ్గనిపించిందా అంటే, ఏమీ అనిపించలేదు. చేతికి పని ఉంటే మనసుకి పని ఉండదు, అంతే.

ఒకసారి పెట్టెలో అడుగున తెల్ల డబ్బా ఒకటి వచ్చింది. అందులో బూడిద రంగు మీద నీలం చారలున్న ఆడవాళ్ళ బూట్లు, సరికొత్తవి. వాళ్ళ మేడమ్‌కి బిగుతై మా ఆవిడకి ఇచ్చేసిందట. ఆ శుక్రవారం ఎస్టీడీ బూతుకి ఫోను వచ్చింది. "ఏవండీ, ఆ తెల్ల డబ్బాలోవి తమ్ముడికి ఇచ్చెయ్యకండి, అవి నాయి. ఇక్కడ సాయంత్రం పూట ఆడవాళ్ళు ఇలాంటివేసుకుని సముద్రం ఒడ్డున ఊరికే నడుస్తారండి, ఏ పనీ లేకుండా. నేనొచ్చేశాక మనిద్దరం పొద్దున్నే కాలవ గట్టు మీద అలా నడుద్దాం." చీర మీద బూట్లేసుకుని గట్టెక్కితే ఊరంతా నవ్వుతుందే అన్నాను. "నవ్వనీండి, నవ్వితే వాళ్ళ పళ్ళే కనపడతాయి" అంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ తనకంటూ కోరింది అదొక్కటే. సరేనన్నాను.

అప్పట్నుంచీ ఆ బూట్లు నా బాధ్యత. డబ్బాలో కలరా ఉండలు వేసి, ఎండిన వేపాకు పేర్చి, మన డెల్టా చెమ్మకి బూజు పడుతుందేమోనని పాలిథిన్ కవరులో పెట్టి, గాలి చొరబడకుండా సైకిలు ట్యూబు ముక్కతో బిగించి అటక మీద పెట్టాను. అప్పుడప్పుడూ దింపి, పొడిగుడ్డతో తుడిచి, మళ్ళీ బిగించేవాణ్ణి. ఆవిడ మధ్యలో రెండుసార్లు సెలవు మీద వచ్చింది. ఒకసారి మా అమ్మ మంచాన ఉంది, ఒకసారి అమ్మాయి పెళ్ళి. బూట్లు దింపనా అంటే, "ఇప్పుడొద్దండి, కొత్తవి నలిగిపోతాయి, పూర్తిగా వచ్చేశాక" అనేది. ఆ 'వచ్చేశాక' కోసం మేం ఇంకా చాలా దాచుకున్నాం. కొత్త మంచం మీద పరుపు కవరు కూడా విప్పలేదు.

చివరికి పూర్తిగా వచ్చేసింది. రెండోరోజు పొద్దున్నే తనే డబ్బా దింపమంది. ముట్టుకుంటే మాసిపోయేటట్టున్నాయి, నిన్న కొన్నట్టు. కుచ్చిళ్ళు కాస్త పైకెత్తి అరుగు మీద కూర్చుని వేసుకుంది, నేను వంగి నాడాలు కట్టాను. గట్టెక్కి కొంచెం దూరం నడిచామో లేదో కాళ్ళ కింద ఏదో నలిగిన చప్పుడైంది. చూస్తే అడుగులు రెండూ పాత గోడకి సున్నం రాలినట్టు పెళ్ళలు పెళ్ళలుగా రాలిపోతున్నాయి. రేవులో బట్టలుతుకుతున్న వాళ్ళు చెయ్యాపి చూశారు. అయ్యో పాపం అనుకున్నారో, నవ్వుకున్నారో. మా ఆవిడ ఏడవలేదు, నవ్వలేదు. "పోన్లెండి" అని బూట్లు చేత్తో పట్టుకుని ఉత్త కాళ్ళతో ఇంటికొచ్చేసింది.

నేను ఊరుకుంటానా! నాకు చేతనైంది అదొక్కటే. అమ్ముడుపోని పాత జత ఒకటి ఉంటే దాని గట్టి రబ్బరు అడుగు ఒలిచి, పాదం కొలతకి కోసి, సొల్యూషన్ రెండు పూతలు పూసి, ట్యూబు ముక్కలతో చుట్టూ బిగించి, పచ్చడి బండ కింద పెట్టాను. అది ఆరుతున్న రోజుల్లో మేమిద్దరం ఒకే ఇంట్లో ఇద్దరు చుట్టాల్లా మసిలాం. తెల్లారకుండానే లేచేది, తుడిచిన గదే మళ్ళీ తుడిచేది, నాకు కాఫీ ఇచ్చి తాగేదాకా పక్కన నిలబడేది. కూర్చోవే అంటే కూర్చునేది, అంతలోనే లేచి తుడవడానికి ఇంకేదో వెతుక్కునేది. అలా ఉండగానే కువైట్ నుంచి ఫోను వచ్చింది. మేడమ్ వాళ్ళ ముసలి అత్తగారు మంచాన పడిందట, మా ఆవిడ చేత్తో పెడితేనే తింటానంటోందట. మా ఆవిడ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఏమంటారు?"

నేను బండ కింద నుంచి బూటు తీసి, అడుగు పట్టిందో లేదోనని వంచి చూస్తున్నాను. "నీ ఇష్టం" అన్నాను. వెళ్ళొద్దంటానేమోనని ఆవిడ కాసేపు నిలబడింది. వెళ్ళనంటుందేమోనని నేను బూటు వంచుతూనే ఉన్నాను.

ప్రయాణం రోజున, దూరం నడవాలి కదా, చెప్పులెందుకని ఆ బూట్లే వేసుకుంది. బస్సెక్కే ముందు నేలమీద రెండు కాళ్ళూ గట్టిగా తట్టి చూసి, "గట్టిగానే ఉన్నాయండి" అంది. నాకు తృప్తిగా అనిపించింది. నిజం చెబుతున్నాను, ఆ పూట నాకు తెలిసింది ఆ తృప్తి ఒక్కటే. బస్సు మలుపు తిరిగాక ఇంటికొచ్చి బ్రష్షులు కడిగి ఎండలో పెట్టాను. ఆ బూట్లతో కువైట్‌లో వాళ్ళ పాలరాతి మేడ మెట్లు ఎన్నేళ్ళు ఎక్కి దిగిందో! అవి పూర్తిగా అరిగిపోయి అక్కడే పారేసి, మోకాళ్ళు కూడా అరగ్గొట్టుకుని వచ్చింది.

ఇప్పుడు మా అమ్మాయి వాళ్ళ బాల్కనీలోంచి గోదావరి గట్టు కనిపిస్తుంది. పొద్దున్నే ఎంతమంది ఆడవాళ్ళో, చీరల మీద, చుడీదార్ల మీద రంగురంగుల బూట్లేసుకుని, పక్కన మొగుళ్ళతో కబుర్లు చెప్పుకుంటూ ఊరికే నడుస్తుంటారు. ఎవరూ నవ్వరు, ఎవరూ చెయ్యాపి చూడరు. కాలం మారింది, మంచికే మారింది. మేమిద్దరం ఇక్కడికి వచ్చినప్పట్నుంచీ మా ఆవిడ లేవగానే ముందు ఆ బాల్కనీలోకే వచ్చి కూర్చుంటోంది. నడుద్దామా అని నేను అడగను, తనూ అడగదు. బాగా కనపడాలని ఆవిడ కుర్చీ కాస్త ముందుకు జరుపుతాను. వాళ్ళందరూ వెళ్ళిపోయేదాకా ఇద్దరం వాళ్ళ కాళ్ళకేసి చూస్తూ కూర్చుంటాం.