దెసాంక పిన్ని సంచి

మా వీధిలో ఎవరు గ్రీసు సముద్రానికి బయలుదేరినా దెసాంక పిన్ని పరీక్ష దాటాకే బస్సు ఎక్కాలి. పాస్‌పోర్టు, ఈత బట్టలు ఆవిడ అడగదు. అవి ఎలాగూ ఎవరూ మర్చిపోరు. ఆవిడ అడిగేవి వేరు.

"ఒలివేరా, బట్టల క్లిప్పులు పెట్టావా?"

"లేదు పిన్నీ. అక్కడ దొరకవా ఏంటి?"

"దొరుకుతాయి. నువ్వు వెతికి తెచ్చేలోపు నీ మొగుడి లాగు ఎగిరి పక్కవాళ్ల బాల్కనీలో పడుద్ది. సింకు బిరడా? పుచ్చకాయ కోసే చాకు? అక్కడి చాకులకి వెన్న కూడా తెగదు."

నాకు ఒళ్లు మండేది. ఒక ఏడాది పంతం కొద్దీ, ఆవిడ ఇస్తానన్న కాఫీ గిన్నె వద్దన్నాను. అద్దె ఇంట్లో అలాంటిది లేదు. పది రోజులు సూప్ గిన్నెలో కాఫీ కాచాను. మా ఆయన విటోమిర్ గుటక గుటకకీ నా మొహం చూసి నవ్వాడు. మరుసటి ఏడాది ఆవిడ అడగకముందే చెయ్యి చాచాను.

మా ఊరు క్రుషెవాట్స్‌లోని చొక్కాల ఫ్యాక్టరీలో ఇరవయ్యారేళ్లు చివరి బల్ల దగ్గర కూర్చుని, గుండీ లేని చొక్కాలు ఏరడమే ఆవిడ ఉద్యోగం. ఉన్నవాటికంటే లేనివే ఆవిడ కళ్లకు ముందు కనబడతాయి. పింఛను వచ్చాక ఆ చూపు మా పెట్టెల మీద పడింది. మర్చిపోయినవాళ్ల కోసం ఆవిడ గళ్ల సంచిలో దండెం తాడు, సూదీ దారం, పిన్నీసులు, కాఫీ గిన్నె ఎప్పుడూ సిద్ధం. తీసుకెళ్లినవాళ్లు తిరిగొచ్చి, వాటితోపాటు ఒక గవ్వ ఇచ్చేవారు. ఆవిడ కిటికీ నిండా గవ్వలే. సముద్రం మాత్రం చూడలేదు. భర్త రాదిషాకు పక్షవాతం వచ్చి పదమూడేళ్లు మంచం మీదే ఉన్నాడు. ఆయన పోయి రెండు చలికాలాలైంది.

"చూడకుండానే పోతానేమోనని భయంగా ఉందే" అని ఒకసారి నాతో అంది. ఆ మాట నన్ను వదల్లేదు.

బస్సు కదిలాక ఆవిడ వెనకాల సీసాతో నీళ్లు పోసేది. ప్రయాణం నీళ్లలా సాఫీగా సాగాలని ఇక్కడ అలా పోస్తారు. ఊళ్లో ఉండిపోయే మనిషే పోయాలి. ఏళ్ల తరబడి ఆవిడే పోస్తుండటంతో, సాగనంపడానికి ఇంకెవరూ రావడం మానేశారు.

ఈ జూలైలో విటోమిర్ పిన్నిని అడక్కుండానే ఆవిడకు కూడా టికెట్ తీశాడు. రెండు వారాలు వాదించి, చివరికి ఒప్పుకుంది.

సాయంత్రం ఏడింటికి, స్లావొల్యుబ్ రొట్టెల కొట్టు ముందు అందరం ఎక్కాం. పాస్‌పోర్టులు విటోమిర్ జేబులో ఉన్నాయి. పిన్ని సంచి ఒళ్లో పెట్టుకుని వెనక సీట్లో కూర్చుంది. డ్రైవర్ తలుపు వేయబోయాడు.

"ఆపు నాయనా! నీళ్లెవరు పోస్తారు?"

కింద సాగనంపడానికి ఒక్కరూ లేరు. ఆవిడ సంచీ, సీసా పట్టుకుని దిగిపోయింది.

"మీరెళ్లండి. నేను వచ్చే ఏడాది వస్తాలే."

ఆ వచ్చే ఏడాది రాదని నాకు తెలుసు. నేనూ దిగాను.

"ఎక్కుతావా, ఈడ్చుకెళ్లమంటావా?"

"నీళ్లు పోయకుండా పంపలేనే. దార్లో మీకేమన్నా అయితే?"

సంచిని కొట్టు మెట్టు మీద పెట్టి, సీసా మూత తిప్పడం మొదలుపెట్టింది. డ్రైవర్ హారన్ కొట్టాడు. నాకు ఏడుపొచ్చేలా ఉంది. అప్పుడే స్లావొల్యుబ్ బకెట్‌తో బయటికొచ్చాడు. రొట్టె సరిగా కాలలేదని ఆవిడ రోజూ తిట్టేది అతన్నే.

"ఎక్కమ్మా తల్లీ. పది రోజులు నన్ను ప్రశాంతంగా బతకనీ. నీళ్లు నేను పోస్తా."

"నేల తుడిచిన నీళ్లు కాదుగా?"

"ఇప్పుడే పట్టా. ఎక్కు!"

"బస్సు కదిలాకే పోయాలి."

"నాకు తెలీదా? నేనీ ఊళ్లో పుట్టలేదా?"

ఆవిడ సీసా అతని చేతిలో పెట్టి ఎక్కింది. బస్సు కదిలింది. పిన్ని సీటు మీద మోకాళ్లేసి వెనక అద్దంలోంచి చూసింది. స్లావొల్యుబ్ బకెట్ మొత్తం కుమ్మరించి తన బూట్లు కూడా తడుపుకున్నాడు. నీళ్లు మా వెనకాలే కొంత దూరం పరిగెత్తి ఆగిపోయాయి.

"లోపల్నించి చూస్తే ఇలా ఉంటదా!" అంది. "నాకోసం ఎవరూ పోయలేదే ఇన్నాళ్లూ."

కళ్లు తుడుచుకుంటూనే ఉంది. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ చేతులు రెండూ ఖాళీగా ఉన్నాయి. అద్దంలోంచి చూస్తే, కొట్టు మెట్టు మీద గళ్ల సంచి కనబడింది.

చెబితే మళ్లీ దిగుతుంది. నోరు మూసుకుని కూర్చున్నాను. ఈ ఏడాది కూడా కాఫీ సూప్ గిన్నెలోనే.