సదానందం చెక్కిన పాత పలక

జెద్దా పాతబస్తీ బలద్‌లో ప్రభుత్వం కాపాడుతున్న పాత ఇల్లొకటి ఉంది. పగడపు రాతి గోడలు, వీధి మీదికి పొడుచుకొచ్చిన చెక్క కిటికీలు. వాటిని రోషన్లంటారు. ఆ ఇంట్లో మేకు కొట్టాలన్నా అనుమతి కాగితం కావాలి. మనుషులకు లేని మర్యాద ఆ ఇంటికుంది, ఏం చేస్తాం!

కోరుట్ల వడ్రంగి సదానందం అక్కడ చేరి ఆరు నెలలు. అంతకుముందు పంతొమ్మిదేళ్లు ఎడారి ఊరు హఫర్ అల్ బాతిన్‌లో సెంట్రింగ్ పని. పలకలు కొట్టడం, కాంక్రీటు గట్టిపడగానే పీకి పారేయడం. అదీ ఒక వడ్రంగమేనా? బలద్‌లో మళ్లీ ఉలి పట్టాకే మనిషికి ప్రాణం లేచొచ్చింది.

ఆ హుషారే కొంప ముంచింది. రోషన్‌కున్న జంట పలకల్లో ఒకటి ఎప్పుడో పోయింది. రెండోదాన్ని చూసి కొత్తది చెక్కమన్నారు. మహానుభావుడు పగుళ్లతో సహా అచ్చు దించాడు. కొత్త చెక్క తెల్లగా ఉందని, మెస్సులో మిగిలిన టీ రెండు పూతలు పూశాడు.

ఇంజినీరమ్మ అఫ్షాన్ హైదరాబాదు పిల్ల. రెండు పలకలూ చూసి నెత్తి పట్టుకుంది.

"సదానందం భాయ్, కొత్తది కొత్తదని తెలియాలి. అదే రూలు. ఇందులో పాతది ఏది?"

సదానందం చూశాడు. తిప్పి చూశాడు. నిమిరి చూశాడు. ఊహూఁ, తెలిస్తేగా!

"సాయంత్రంలోపు చెప్పకపోతే పాతది పోయిందని రాయాలి. మిమ్మల్ని మళ్లీ హఫర్ పంపేస్తారు."

మళ్లీ ఆ సెంట్రింగా! సదానందం సిగ్గు విడిచి ఏడ్చాడు. పలకలు రెండూ గోడకు ఆనించి, "కొండగట్టు అంజన్నా, నువ్వే దిక్కు" అని మొక్కాడు.

గంట గడిచింది. దేవుడు రాలేదు గానీ చీమలొచ్చాయి. బారులు తీరి, ఒక్క పలక మీదికే ఎక్కాయి.

"మేడం! గదే నాది! చాయ్‌ల శక్కర ఉండె!"

అఫ్షాన్ నవ్వి నవ్వి కూలబడింది. "ముందు దాన్ని కడగండి. వెనకవైపు మీ పేరు, సంవత్సరం చెక్కండి. మళ్లీ ఎవరూ మోసపోకూడదు."

పేరా? పంతొమ్మిదేళ్లలో ఎవడడిగాడు అతని పేరు? ఉలికి పదును పెట్టాడు. తెలుగులోనే, లోతుగా చెక్కాడు. ఫొటో తీసి కోరుట్లలో ఉన్న భార్య ఉమాదేవికి పంపాడు.

వెంటనే ఫోనొచ్చింది. "గంత మంచిగ చెక్కి పేరు ఎనకకు పెట్టినవేంది? ఎవలు సూస్తరు?"

"ఊడినప్పుడు సూస్తరు తియ్," అన్నాడు సదానందం. "గప్పటిదాంక ఈడనే ఉంటది గదా!"