యాకోబు బిగించిన బెల్టు

కామారెడ్డి జిల్లా అయిన మరుసటి ఏడాది నన్ను నిజామాబాదు నుంచి కామారెడ్డి వర్క్‌షాపుకు ఫోర్‌మన్‌గా బదిలీ చేశారు. కార్ల వర్క్‌షాపులో ఫోర్‌మన్ మామూలుగా పానా పట్టడు. ఏ బండి ఏ మెకానిక్‌కు అప్పగించాలో చెబుతాడు, పని అయ్యాక ట్రయల్ నడుపుతాడు, జాబ్ కార్డు మీద సంతకం పెడతాడు. ఆ సంతకం లేనిదే బండి గేటు దాటదు. నా కింద ఆరుగురు మెకానిక్‌లుండేవారు. అందులో ఒకడు యాకోబు. ఎల్లారెడ్డి పక్క ఊరివాడు, ఐటీఐ చదివాడు, ముప్పై దాటి ఉంటాయి. రోజూ పొద్దున్నే బస్సెక్కి వచ్చేవాడు.

వచ్చిన నెలలోపే నాకు యాకోబంటే గిట్టకుండా పోయింది. పని సరిగా చేయడని కాదు, చేస్తాడనే. ఎల్లారెడ్డి నుంచి, లింగంపేట నుంచి, ఆఖరికి పిట్లం నుంచి వచ్చేవాళ్లు కూడా గేటు పక్కన కుర్చీలో కూర్చున్న నన్ను దాటుకుని పోయి, లోపల “యాకోబు ఉన్నడా?” అని అడిగేవారు. ఇరవై ఆరేళ్ల సర్వీసు నాది. నన్ను చూసి నమస్తే పెట్టి, బండి మాత్రం అతని చేతిలో పెట్టేవారు. పైకి నవ్వేవాడిని, లోపల కుతకుత ఉడికిపోయేవాడిని.

ఆ డిసెంబరులో ఎల్లారెడ్డిలో కొత్తగా బ్రాంచి తెరుస్తారని తెలిసింది. దానికి ఇన్‌చార్జి కావాలి. వరసలో నేనే ముందున్నాను. కానీ మేనేజరు ఒకరోజు టీ తాగుతూ, యాకోబుకు ఆ ఊళ్లో మంచి పేరుంది కదా అన్నాడు. ఆ మాట విన్న రోజు నేను ఇంటికెళ్లి అన్నం సరిగా తినలేదు. పుట్టని పాపిష్టి ఆలోచన లేదు. వాడి పనిలో ఒక్క తప్పు దొరికితే చాలు, ఇన్‌చార్జిని ఖాయం చేసే మీటింగులో అందరి ముందు పెట్టేయాలనుకున్నాను.

లింగంపేట మక్కల వ్యాపారి సాయిలు తన పాత డీజిలు కారును టైమింగ్ బెల్టు మార్చడానికి తెచ్చింది అప్పుడే. ఈ బెల్టు సంగతి కొంచెం చెప్పాలి. ఇంజన్‌లో కింద పిస్టన్లను ఆడించే ఇరుసు ఒకటి, పైన వాల్వులను తెరిచి మూసే ఇరుసు ఒకటి ఉంటాయి. ఆ రెంటినీ కలిపి తిప్పేది పళ్లున్న ఈ రబ్బరు బెల్టే. పన్ను తప్పిందా, పిస్టన్లు పైకొచ్చి, తెరిచి ఉన్న వాల్వులను గుద్ది వంచేస్తాయి. అందుకే కిలోమీటర్లు పూర్తయినా, ఏళ్లు గడిచినా మార్చాలి. సాయిలు కారు తిరిగింది తక్కువే, కానీ బెల్టుకు వయసు మీరింది. అతనూ యాకోబే కావాలన్నాడు.

యాకోబు పనిని నేను ఓ పక్క నిలబడి చూశాను. బెల్టుతో పాటు దాన్ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్‌ను, నీళ్ల పంపును కూడా మార్చాడు. గుర్తులకు గుర్తులు కలిపి, ఇంజన్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పి మళ్లీ చూసుకున్నాడు. చివరికి టెన్షనర్ బోల్టు మీది నుంచి దాని బ్రాకెట్ మీదికి తెల్ల రంగుతో సన్నటి గీత గీశాడు. బోల్టు కదిలితే గీత విరిగి కనపడుతుంది. వంక పెట్టడానికి ఏమీ లేదు.

ట్రయల్‌కు బండి తీసుకుని ఎల్లారెడ్డి రోడ్డున చాలా దూరం పోయి వచ్చాను. అందరూ భోజనాలకు వెళ్లారు. నేనొక్కడినే పై కవరు విప్పి, బెల్టును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి మెలితిప్పాను. పావు వంతు తిరగాలి. తిరగలేదు. అబ్బ, ఎంత సంతోషమేసిందో! వీడు మరీ బిగించాడు, దొరికాడు అనుకున్నాను. పానా తెచ్చి, ఆ తెల్ల గీత మీదనే బోల్టు వదులు చేసి, నా చేతికి సరిపోయేంత సడలించి మళ్లీ బిగించాను. ఎవరికీ చెప్పలేదు. మీటింగుకు దాచుకున్నాను. జాబ్ కార్డులో కూడా రాయకుండా సంతకం పెట్టాను.

బెల్టు బిగువు చల్లటి ఇంజన్ మీదే చూడాలి. వేడికి ఇంజన్ లోహం సాగి, బెల్టు ఎక్కువ బిగువుగా తగులుతుంది. ఆ వేడిలో సరిచేస్తే, చల్లారాక వదులవుతుంది. ఇది కొత్తగా చేరిన ప్రతి మెకానిక్‌కూ నా నోటితో నేను చెప్పే పాఠం. అయినా ఆ మధ్యాహ్నం నాకు గుర్తు రాలేదు.

మీటింగు ఇంకా రెండు రోజులుందనగా, పొద్దున చలిలో సాయిలు తాళం తిప్పాడు. ఇంజన్ ఒక్కసారి దడదడమని ఆగిపోయింది. మళ్లీ తిప్పితే ఉత్తిగా తిరిగింది తప్ప అందుకోలేదు. బండిని కట్టి లాక్కొచ్చారు. కవరు విప్పగానే బెల్టు నా వేళ్లకు వదులుగా తగిలింది. బోల్టు బిగుతుగానే ఉంది, గీత మాత్రం రెండు ముక్కలై ఒకదానికొకటి కలవకుండా ఉంది. దానంతటది సడలిన బోల్టయితే చేతికి వదులుగా రావాలి. యాకోబు వంగి ఆ గీతను చూశాడు. తర్వాత నన్ను చూశాడు. ఆ బండిని ట్రయల్‌కు తీసుకుపోయింది నేనొక్కడినేనని అతనికి తెలుసు.

సాయిలు పక్కనే నిలబడి అరుస్తున్నాడు. మేనేజరు యాకోబును, రేపటి నుంచి రావద్దనే దాకా వచ్చాడు. అతనికి ఇద్దరు చిన్నపిల్లలు, ఆ జీతం తప్ప ఇంట్లో వేరే ఆధారం లేదని అందరికీ తెలుసు. నేను నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. ఎల్లారెడ్డి బ్రాంచి నాదయ్యేది. నేను అలాగే ఉన్నాను కూడా.

అప్పుడు యాకోబు నెమ్మదిగా, “బెల్టు ఏసింది నేను సార్. జిమ్మేదారి నాదే,” అన్నాడు.

నిజం చెబుతున్నాను, ఆ మాట విన్నాక నాకు జాలి కలగలేదు, సిగ్గు కూడా వెంటనే కలగలేదు. కడుపు మండింది. పనిలో నన్ను దాటిపోయాడు సరే, ఇప్పుడు మనిషిగా కూడా దాటిపోతాడా అనిపించింది. అది మాత్రం ఓర్వలేకపోయాను.

“ఆగుండ్రి సార్,” అన్నాను. “ఆ బోల్టు ఇప్పింది నేను. బండి వేడి మీద ఉండంగ ఇప్పిన. పోరని తప్పు లేదు.”

అందరూ నా వైపు తిరిగారు.

ఆ ఇంజన్ హెడ్డు దింపి, వాల్వులు మార్చి, మళ్లీ బెల్టు వేసింది యాకోబే. ఆ పని మధ్యలో, నింద నీ మీద ఎందుకు వేసుకున్నావని అడిగాను. సాయిలు సేటు ముంగట మనం మనం కొట్లాడుకుంటే ఈ షాపుకు మళ్లీ ఎవరొస్తారని అన్నాడు. నిజానికి ఫోర్‌మన్‌కు రావలసిన ఆలోచన అది. దానికీ కుళ్లుకున్నాను. నాకు మెమో ఇచ్చారు, అతనికి ఎల్లారెడ్డి బ్రాంచి ఇచ్చారు. నేను కామారెడ్డిలోనే ఫోర్‌మన్‌గా రిటైరయ్యాను. వీడ్కోలు రోజున నా నిజాయితీ గురించి చాలా మాట్లాడారు. నేనేమీ సరిదిద్దలేదు.

కిందటేడు నా సొంత కారుకు బెల్టు మార్చే గడువు వచ్చింది. కామారెడ్డిలో నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ల షాపులే మూడున్నాయి. వాటన్నిటినీ దాటి ఎల్లారెడ్డి పోయి యాకోబుకు తాళాలిచ్చాను. ఇస్తుంటే కడుపులో పాత మంట కాస్త రగిలింది కూడా. ఒకరి పని ఎంత మంచిదో మెచ్చుకునేవాళ్ల కంటే కుళ్లుకునేవాడికే బాగా తెలుస్తుందన్నది ఈ ఉద్యోగంలో నేను నేర్చుకున్న సంగతి. యాకోబు పని ఎలాంటిదో నాకు మొదటి నెలలోనే తెలిసింది. తెలిసింది కాబట్టే ఆ మధ్యాహ్నం పానా పట్టుకున్నాను.