సగం ఆట తెలిసిన కోచ్

ఏడో తరగతిలో నేను బడి మానేశాను. బడి ఏమీ బాధపడలేదు. లెక్కల మాస్టారైతే ఆ రోజు ఇంట్లో పాయసం వండించుకున్నారని వినికిడి. అలాంటి నేను, ఆడపిల్లలు బడి మానకుండా పెట్టిన ఫుట్‌బాల్ జట్టుకి కోచ్‌నయ్యాను. కొంగని చేపల చెరువుకి కాపలా పెట్టినట్టన్నమాట. ఎంత ఘోరం జరిగిందో చెబుతాను, నవ్వుకోండి. మా ఊరివాళ్లు నవ్వినంత నవ్వడం మాత్రం మీవల్ల కాదు.

రెండు వేల ఆరు ప్రాంతం. ఆఫ్రికాలో కొన్ని ఊళ్లలో ఆడపిల్లలకి బంతి ఇచ్చి, బడికొస్తేనే ఆట అన్నారట. పిల్లలు బడి మానడం మానేశారట. కొల్లేరు పక్కన మా ఊరి హైస్కూలు రూతమ్మ టీచరుగారు ఇది ఎక్కడో చదివి, నేరుగా టీ కొట్టు దగ్గరకొచ్చారు.

"మన పిల్లలు ఏడో ఎనిమిదో అవగానే రొయ్యలు ఒలిచే షెడ్డుకి కూలికి వెళ్లిపోతున్నారండీ. మనమూ ఓ జట్టు పెడదాం. ఫుట్‌బాల్ ఎవరికైనా తెలుసా అండీ?"

నేను చెయ్యెత్తాను. అంతకు నెల ముందే అదే కొట్టులో టీవీలో ప్రపంచకప్పు చూశాను మరి. సగం ఆట అయ్యేసరికి కరెంటు పోయింది. మిగతా సగం కూడా ఇలాగే ఉంటుందిలే అనుకున్నాను. కొంప ముంచింది ఆ అనుకోవడమే.

చేపలు పట్టేసి ఎండగట్టిన చెరువే మా గ్రౌండు. వల ఒక్కటే దొరికింది కాబట్టి గోలూ ఒక్కటే, నీళ్లు వదిలే తూము పక్కన. "తూము వైపు కొట్టండే!" అన్నదే నా కోచింగు మొత్తం. టీచరుగారు రూల్సు పుస్తకం ఒకటి ఇచ్చి, "చదువు చంటీ" అన్నారు. దాన్ని మడిచి, నా చేపల వ్యాను తలుపు అద్దం జారిపోకుండా సందులో దూర్చాను. ఎంతో ఉపయోగపడింది.

మా గోలుకీపరు సునీత. వాళ్ల నాన్న ఏసుపాదం నాకు వరసకి బావ, చెరువుల మీద కూలి. నెలాఖరు నుంచి పిల్ల షెడ్డుకేనని తేల్చేశాడు. టీచరుగారు బతిమాలితే, "సరేనండి. తాడేపల్లిగూడెంలో ఆటంటన్నారు గదండి, అది చూసొచ్చి చెబుతానండి" అన్నాడు.

టీచరుగారు నా వైపు తిరిగారు. "చంటీ, ఆ పిల్ల చదువు నీ చేతిలో ఉందయ్యా."

నా చేతిలో చదువు నిలవదని పాపం ఆవిడకి తెలీదు.

పిల్లల్ని నా చేపల వ్యానులోనే తీసుకెళ్లాను. భీమడోలు దాటగానే, ముందు సీట్లో సునీత పక్కనున్న అద్దం ధడాలున దిగిపోయింది.

"ఏం పీకావే?"

"పుస్తకం మావయ్యా."

"బండిలో చదివితే కళ్లు తిరుగుతాయి, దూర్చెయ్!"

దూర్చలేదు.

మొదటి సగం మాదే. రైలుకట్ట వైపున్న గోలు చూపించి, "అదే మన తూము!" అన్నాను. వ్యాను వాసనకి ఎదుటి జట్టు మా వాళ్ల దగ్గరికి రావడానికే జంకింది. రెండు గోల్స్! ఏసుపాదం బావ తువ్వాలు ఊపాడు.

విరామంలో పిల్లలకి సోడాలు తెద్దామని వెళ్లాను. తిరిగొచ్చేసరికి ఆట మొదలైంది. మా జట్టు రైలుకట్టకి వీపు పెట్టి పరుగెడుతోంది!

"పిచ్చిపిల్లల్లారా, అటెక్కడికే? తూము ఇటు! తూము వైపు!"

బంతితో పరుగెడుతున్న మా మేరీ ఠక్కున ఆగింది. నెలల తరబడి విన్న మాట కదా, కాళ్లు వాటంతటవే వెనక్కి తిరిగాయి. గోలు ముందు సునీత రెండు చేతులూ ఊపుతోంది.

"మావయ్యా! సైడు మారిందండీ! సగం అయ్యాక మారాలంట!"

"ఎవరన్నారే?"

"పుస్తకంలో ఉందండీ!"

"పుస్తకాన్ని నమ్ముతావా, నన్ను నమ్ముతావా? మేరీ, కొట్టవే!"

మేరీ కొట్టింది. సునీత పట్టుకుంది. ఇంకోసారి కొట్టింది. సునీత పక్కకి దూకి తోసేసింది. ఎదుటి జట్టు నడుముల మీద చేతులు వేసుకుని, టిక్కెట్టు కొన్నవాళ్లలా చూస్తోంది. మూడోది మాత్రం కొరమీనులా చేతుల్లోంచి జారి వలలో పడింది.

"మూడు గోల్స్!" అని సోడాలతో సహా గాల్లోకి ఎగిరాను. గ్రౌండంతటికీ నేనొక్కణ్ణే ఎగిరానని దిగాక తెలిసింది.

రిఫరీ వచ్చాడు. "ఎవరండీ మీరు?"

"కోచ్‌నండీ."

"ఏ జట్టుకండీ?"

ఆడించలేనివాడికి రిఫరీ ఓడు! ఆయనతో వాదించబోతే టీచరుగారు నన్ను తీసుకెళ్లి వ్యానులో కూర్చోబెట్టి తలుపేశారు. అద్దం లేదు కాబట్టి ఊపిరాడింది. ఈలోగా సునీత జట్టుని పోగేసి, ఎటు కొట్టాలో చెప్పి పంపింది. ఆ తర్వాత వచ్చిన బంతులన్నీ తనే ఆపింది. రెండు ఒకటితో గెలిచాం. మూడు గోల్సూ మా వాళ్లవే, కాకపోతే మూడోది నాది.

తిరుగు దారిలో ఏసుపాదం బావ ముందు సీట్లో కూర్చున్నాడు. పొద్దున ఊపిన తువ్వాలు మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. భీమడోలు రైలు గేటు దగ్గర ఆగినప్పుడు ఇక ఉండబట్టలేకపోయాను. స్టీరింగు మీద చెయ్యేశాను.

"బావా, కొల్లేట్లో ఉన్న ప్రతి చేప సాక్షిగా ఒట్టేస్తన్నాను. ఇకమీదట పుస్తకం ముందు చదివించుకుంటాను, ఆ తరవాతే నోరు తెరుస్తాను. చచ్చినా తూము పేరెత్తను. తప్పు నాది. పిల్ల చదువు మాత్రం ఆపకు."

"ఆపన్లేరా. పదో తరగతే కాదు, ఆ పైన కూడా చదివిస్తాను."

గేటు నా కోసమే లేచినట్టు లేచింది.

"ఆట అంత నచ్చిందా బావా?"

"ఆటెవడు చూశాడెహె! చదివితే ఏవొస్తదని ఇన్నాళ్లూ అడిగేవోణ్ణి. చదవకపోతే ఏవవుద్దో ఇయ్యాళ నిన్ను చూశాను."