లచ్చవ్వ పుట్టకొక్కు

ఒక పుట్టగొడుగు నా పరువు తీసిన సంగతి చెబుతాను. విషపుట్టగొడుగు తిని దవాఖాన పాలయ్యాననుకునేరు. అలా అయితే జనం కాస్త జాలైనా పడేవారు.

మాది జనగామ. పీహెచ్‌డీ కోసం బయ్యారం అడవుల్లో తిరిగే రోజుల్లో ఆ ఊరి ముసలామె లచ్చవ్వ నాకు దారి చూపేది. ఒక వానాకాలం, కుళ్లిన మొద్దు మీద నీలిరంగు పుట్టగొడుగు చూపించింది. సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే ఏ పుస్తకంలోనూ లేని జాతి. సంతోషం పట్టలేక నోరు జారాను.

"అవ్వా, దీనికి నీ పేరే పెడ్త."

"నా పేరా? రేషన్ కార్డుల తప్ప యాడ లేదు బిడ్డా. మరువకు మల్ల."

మా గైడు సారు ఒక చిన్న పరిశోధన పత్రికకు వ్యాసం పంపమన్నారు.

"దాని ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఒకటి గూడ లేదు సార్," అన్నాను.

పత్రికలోని వ్యాసాలను ఇతరులు ఎంతగా ఉదహరిస్తున్నారో చెప్పే అంకె అది. అప్పట్లో నేను మనుషులను కూడా దాంతోనే కొలిచేవాణ్ణి.

"ముందు అచ్చయిన పేరే నిలుస్తది. పుట్టకొక్కుకు నీ ర్యాంకులు ఎర్కలేవు," అన్నారు సారు.

వింటేగా. పత్రికల జాబితా గోడకు అంటించి పైనుంచి మొదలుపెట్టాను. మొదటిది రెండు రోజుల్లో తిప్పి పంపింది. రెండోది ఆరునెలలు అట్టేపెట్టుకుని, మా స్థాయికి చాలదంది. మూడోది డీఎన్ఏ పరీక్షలన్నీ చేయించుకుని మరీ వద్దంది. బయ్యారం వెళ్లినప్పుడల్లా అవ్వ అడిగేది.

"అచ్చయిందా బిడ్డా?"

"ఇంకా పెద్ద పత్రికకు పంపిన అవ్వా."

"ఎంత పెద్దది?"

రెండు చేతులూ బార చాపి చూపించాను. సిగ్గు లేదు నాకు.

మరో వానాకాలం గడిచాక చిన్న పత్రికకు దిగివచ్చాను. ఈ జాతి పోయిన నెలే మా పత్రికలో అచ్చయిందని సంపాదకుడు జవాబు రాశాడు. వ్యాసం ఎవరో భూపాలపల్లి లెక్చరర్‌ది. జాతికి పెట్టింది లచ్చవ్వ పేరే. వెంటనే బయ్యారం పరుగెత్తాను.

"ఆయనకు నువ్వే చూపించినవా అవ్వా?"

"అవు. నీకు చూపించిన మొద్దే. నా పేరు పెడ్తవా అన్న, పెట్టిండు."

"నేను పెడ్తనన్న గద."

"నీకు తొందర లేదు బిడ్డా. నాకున్నది."

ఆమె కోరిక తీరినందుకు సంతోషం వేసింది. దానికంటే ఏడుపు ఎక్కువ వచ్చింది. అవ్వ పెట్టెలోంచి ఆ వ్యాసం తీసి నా చేతిలో పెట్టింది.

"ఇంగిలీషుల ఉన్నది, జర సదివి చెప్పు. నీకంటె బాగ తెలిసినోళ్లు ఎవలున్నరు?"

మొదటి అక్షరం నుంచి చివరి దాకా చదివి చెప్పాను.

ఆ గడపలోనే ఒట్టు పెట్టుకున్నాను. ఈసారి కొత్త జాతి దొరికితే ఏ ర్యాంకూ చూడను. పెళ్లికార్డు వెనకైనా సరే, అచ్చు వేయించేస్తాను.